లాగ్ చూడకుండా రీస్టార్టా?

కోవిడ్ ఉండగా పెద్ద గుండెపోటు వచ్చినవాళ్ళు ఏమయ్యారు? అమెరికా, కెనడా ఆసుపత్రులు కలిసి ఒక రిజిస్ట్రీ పెట్టి 2021లో లెక్కలు బయటపెట్టాయి. అలాంటి 230 మందిలో 33 శాతం ఆసుపత్రిలోనే పోయారు. కోవిడ్‌కి ముందు అదే వయసు రోగుల్లో అది 4 శాతమే!

"వైరస్ అలాంటిది మరి" అని సరిపెట్టుకోవడం తేలిక. నిజమే, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, ఊపిరితిత్తులు చెడతాయి, కొందరైతే వచ్చేసరికే షాక్‌లో ఉన్నారు. కానీ నన్ను ఆపేసిన అంకె వేరే. వీళ్ళలో 22 శాతం మందికి అసలు యాంజియోగ్రామే చెయ్యలేదు. చేసినవాళ్ళలో నాలుగో వంతు మందికి గుండెపోటు తెచ్చిన అడ్డంకి ఏదీ కనపడలేదు. అంటే ఈసీజీ ఒక్కటే చూసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, వాళ్ళకి లాభం సున్నా, రక్తస్రావం ప్రమాదం మాత్రం బోనస్. మనం లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేస్తే మేనేజర్ ఊరుకుంటాడా?

2020 మొదట్లో చైనా డాక్టర్లు కొందరు ఇంజెక్షనే ముందు అన్నారు. సిబ్బందికి అంటుకుంటుందనే భయం, తప్పు పట్టలేం. అమెరికా హృద్రోగ సంఘాలు మాత్రం ఏప్రిల్‌లోనే, యాంజియోప్లాస్టీయే అసలు వైద్యం, పీపీఈ వేసుకుని చెయ్యండి అన్నాయి. నా ఓటు దానికే. 2021కి ఆ రిజిస్ట్రీలో మరణాలు 23 శాతానికి దిగాయి. టీకాలూ వచ్చాయి కాబట్టి క్రెడిట్ అంతా యాంజియోప్లాస్టీకే ఇవ్వనులెండి. ఆ 22 శాతంలో కొందరు మరీ విషమించినవాళ్ళు అయ్యుండొచ్చు. మిగతావాళ్ళ సంగతేంటి?