డీజిల్ కన్నా దారే ప్రియం

* సరిహద్దు బంకుల్లో మిగిలేది గోరంత.. గతుకుల్లో కరిగేది కొండంత
* యాత్రికులకు ఏడాదికోసారి, ఆటోవాలాలకు రోజూ తప్పని భారం

జహీరాబాద్: స్టవ్వు, బియ్యం మూట, వంటపాత్రలు, దుప్పట్లు, నీళ్ల డ్రమ్ము.. ఇవన్నీ వ్యాన్‌లోకి చేరాకే మనుషులు ఎక్కుతారు. పండరిపురం, తుల్జాపూర్, గాణుగాపూర్, కలబురగి దర్గా యాత్రలకు జహీరాబాద్ ప్రాంతం నుంచి బయలుదేరే కుటుంబాలకు ఇది అలవాటైన పద్ధతి. చెట్టు నీడన వంట, రాత్రికి బండిలోనే నిద్ర. విదేశాల్లో మోటార్ హోమ్ అని, మన సినీరంగంలో కారవాన్ అని పిలిచే చక్రాల ఇంటికి ఇది పల్లెటూరి రూపం. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్పించుకొని, అందులోనే బస చేస్తూ ఊరూరా తిరిగినప్పుడు తెలుగువారు ఇలాంటి ప్రయాణాన్ని కళ్లారా చూశారు.

యాత్ర ఖర్చు మాట వచ్చేసరికి అందరి దృష్టీ డీజిల్ ధరపైనే ఉంటుంది. ఏ రాష్ట్రంలో పోయించుకుంటే ఎంత మిగులుతుందన్న చర్చ బయలుదేరక ముందే మొదలవుతుంది. లీటరుకు బండి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది, నడిచే దారి ఎలా ఉందన్నది మాత్రం లెక్కలోకి రావడం లేదు. జేబుకు చిల్లు పడుతున్నది అక్కడే.

సరిహద్దు తేడా ఎంత?

పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై జహీరాబాద్ ఉంది. పాత తరం దీన్ని ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డు అనే పిలుస్తుంది. చిరాగ్‌పల్లి దాటితే కర్ణాటక, హుమ్నాబాద్ మీదుగా ఇంకా ముందుకు వెళితే మహారాష్ట్ర. డీజిల్‌పై తెలంగాణ 27 శాతం వ్యాట్ వసూలు చేస్తుండగా, కర్ణాటకలో పన్ను చాలాకాలం ఇందులో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉండేది. ఆ రాష్ట్రం 2024 జూన్‌లో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో మరోసారి పన్ను పెంచి 21.17 శాతానికి చేర్చింది. దీంతో తేడా తగ్గింది. ఆ పెంపు తర్వాత కూడా కర్ణాటకలో లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువగానే ఉంది.

ఈ తేడాను పండరిపురం యాత్రకు అన్వయించి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. జహీరాబాద్ నుంచి షోలాపూర్ మీదుగా రానుపోను దూరం సుమారు 540 కిలోమీటర్లు. పన్నెండు, పదమూడు మంది పట్టే వ్యాన్ లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 54 లీటర్లు కావాలి. లీటరుకు అయిదు రూపాయలు కలిసొచ్చినా మొత్తం ఆదా 270 రూపాయలు. అదే బండి మైలేజీ పది నుంచి తొమ్మిదికి పడిపోతే 60 లీటర్లు తాగుతుంది. అదనంగా కాలిన ఆరు లీటర్లకు 91 రూపాయల చొప్పున 546 రూపాయలు. అంటే మైలేజీ ఒక్క కిలోమీటరు తగ్గితే, సరిహద్దు బంకులో మిగిలిన దానికి రెట్టింపు చేజారినట్టే.

కేవలం డీజిల్ కోసమే బీదర్ దాకా వెళ్లేవారి పరిస్థితి మరీ విచిత్రం. రానుపోను సుమారు 60 కిలోమీటర్లకు ఆరు లీటర్లు ఖర్చవుతుంది. ట్యాంకులో 60 లీటర్లు నింపుకొచ్చినా మిగిలేది 300 రూపాయలు, దారిలో కాలేది 546. యాత్రకు ఎలాగూ ఆ దారినే వెళ్లేవారు సరిహద్దు దాటాక పోయించుకోవడంలో తప్పులేదు. దానికోసమే పనిగట్టుకొని వెళ్లడం మాత్రం నష్టాన్ని కొని తెచ్చుకోవడమే.

రహదారిపై వేగం.. ఊరి దారిలో గతుకులు

మైలేజీని మింగే శత్రువులు రెండు. మొదటిది వేగం. సంగారెడ్డి నుంచి మహారాష్ట్ర సరిహద్దు దాకా జాతీయ రహదారి నాలుగు వరుసలకు విస్తరించాక బండ్లు దూసుకుపోతున్నాయి. వేగం 60 నుంచి 90 కిలోమీటర్లకు పెరిగితే గాలి నిరోధం రెండింతలు దాటుతుంది. ఎత్తైన పైకప్పు, దానిపై సామాన్ల మూటలు ఉన్న వ్యాన్‌కు ఈ భారం మరింత ఎక్కువ. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగమే ఇంధనం ఆదాకు అనువైనదని పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం ఏళ్లుగా ప్రచారం చేస్తోంది.

రెండో శత్రువు గతుకు. న్యాల్‌కల్, రాయికోడ్, ఝరాసంగం వైపు నల్లరేగడి నేలలున్న చోట రోడ్డు నిలవడం కష్టం. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన వేసిన తారు దానితోపాటే పగులుతుంది. గుంత రాగానే బ్రేకు, దాటగానే రెండో గేరు, మళ్లీ యాక్సిలరేటర్. ప్రతి బ్రేకుకూ అప్పటిదాకా డీజిల్ పోసి సంపాదించిన వేగం వేడిగా మారి ఆవిరవుతుంది. రోడ్డు గరుకుదనం పెరిగేకొద్దీ ఇంధనం, టైర్లు, విడిభాగాల ఖర్చు పెరుగుతుందని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ 1982 నాటి అధ్యయనంలోనే తేల్చింది.

యాత్రికుడు ఈ గతుకుల పన్నును ఏడాదికి ఒకటి రెండుసార్లు కడతాడు. ఊరి నుంచి జహీరాబాద్‌కు రోజుకు నాలుగు ట్రిప్పులు వేసే ఆటోవాలా, పాల వ్యాన్ నడిపే యువకుడు, అల్లం, ఆలుగడ్డ మార్కెట్‌కు తెచ్చే రైతు రోజూ కడుతున్నారు. దీనికి రసీదు ఉండదు. అందుకే ఎవరూ అడగడం లేదు, ఎవరూ లెక్క చెప్పడం లేదు.

రోడ్డును తినేస్తున్న అధిక బరువు

వర్షం ఒక్కటే కారణం కాదు. ఇరుసుపై బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అమెరికాలో 1960 ప్రాంతంలో జరిగిన ప్రయోగాలు చాటాయి. అంటే బరువు 20 శాతం మించితే నష్టం రెట్టింపు. సీజన్‌లో ఎత్తుగా పేర్చిన చెరకు ట్రాక్టర్లు, మట్టి, కంకర టిప్పర్లు తిరిగే దారులు తొందరగా ఎందుకు చెడతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రానున్న కాలంలో ఈ ఒత్తిడి ఇంకా పెరగనుంది. జహీరాబాద్ పారిశ్రామిక స్మార్ట్ సిటీకి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. 3,245 ఎకరాలు, రూ.2,361 కోట్ల అంచనా వ్యయంతో చేపట్టే ఈ ప్రాజెక్టు ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల పరిధిలోనిదే. నిర్మాణ సామగ్రి మోసే భారీ వాహనాలు ముందుగా తొక్కేది ఊళ్ల దారులనే. వాటిని బలపరచకుండా పనులు మొదలైతే పరిశ్రమ రాకముందే రోడ్డు పోతుంది.

చేయాల్సిందేమిటి?

ప్రయాణికుల చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. టైర్లలో గాలి నాలుగో వంతు తగ్గితే ఇంధనం రెండు శాతానికి పైగా వృథా అవుతుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు నింపితే ముగ్గురు మనుషుల బరువు అదనంగా మోసినట్టు. దారిలో నీరు దొరికేచోట సగం డ్రమ్ముతో బయలుదేరడమే మేలు. రాత్రి ఏసీ కోసం ఇంజను నడిపితే బండి కదలకుండానే డీజిల్ కరుగుతుంది. అద్దె వాహనమైతే టోల్, పొరుగు రాష్ట్రాల అనుమతుల ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. 2025 ఆగస్టు 15న రూ.3 వేల రుసుముతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత అవసరాలకు వాడే కార్లు, జీపులు, వ్యాన్లకే వర్తిస్తుంది. పసుపు నంబరు ప్లేటు బండ్లకు ఆ వెసులుబాటు లేదు.

మిగిలింది అధికారుల బాధ్యత. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లను పూర్తయ్యాక అయిదేళ్లపాటు నిర్వహించాల్సింది కాంట్రాక్టరే. రోడ్డు మొదట్లో ఉండే బోర్డుపై పూర్తయిన తేదీ చూసి, గడువులోగా గుంత పడితే పంచాయతీరాజ్ ఇంజనీర్లను నిలదీసే హక్కు గ్రామస్థులకు ఉంది. అధిక లోడుపై తనిఖీలు జాతీయ రహదారితో సరిపెట్టకుండా లోపలి దారులకూ విస్తరించాలి. వానలు వెలిసిన వెంటనే, కార్తీక ఏకాదశి యాత్రలు మొదలయ్యేలోగా గుంతలు పూడ్చాలి. చిన్న గుంతకు తట్టెడు కంకర చాలు. ఏడాది ఆగితే అక్కడ కొత్త రోడ్డే వేయాల్సి వస్తుంది.

డీజిల్ ధర తగ్గించడం జహీరాబాద్ చేతిలో లేదు. ఊరి దారిలోని గుంత పూడ్పించుకోవడం మాత్రం ఇక్కడివారు గట్టిగా అడిగితే అయ్యే పని.