మార్కుల పట్టికలో లేని అంకె

పటమటనుండి బెంజి సర్కిలు వరకు నడచినవారికి గోడగోడను విద్యార్థుల ర్యాంకులు కానవచ్చును. ఎవ్వనికెన్ని మార్కులు వచ్చినవో నిలువెత్తు పటములతో ప్రకటించుచున్నారు. మంచిదే. కాని ఆ బాలుని బరువెంత, మూడంతస్తుల మెట్లెక్కిన పిమ్మట నాతని నాడి యెంత వేగముగ కొట్టుకొనునని యడిగిన, బదులు చెప్పగల కళాశాల లెన్ని?

దేహమును లెక్కకు దెచ్చుట క్రొత్త విద్య కాదు. మనుష్యుని బరువు అతని యెత్తుయొక్క వర్గము ననుసరించి పెరుగుచుండునని బెల్జియముదేశపు గణితవేత్త క్వెటలే పందొమ్మిదవ శతాబ్దమునందే గ్రహించెను. కిలోల బరువును మీటర్ల యెత్తు వర్గముచే భాగించిన వచ్చునదే నేటి బాడీ మాస్ ఇండెక్స్. 25 చేరిన అధికభారమని లోకసామాన్యమైన హద్దు. మనవారు తక్కువ బరువుననే మధుమేహమునకు లోనగుచున్నందున, భారతీయ వైద్యులు 2009లో ఆ హద్దును 23కు దించిరి. 170 సెంటీమీటర్ల యెత్తు, 67 కిలోల బరువు గల విద్యార్థి మొదటి హద్దునుబట్టి నిశ్చింతగా నుండవచ్చును; రెండవదానినిబట్టి జాగరూకుడు కావలెను. అంకె యొక్కటే, తీర్పులు రెండు! అందుకే కొలుచువానికి శాస్త్రజ్ఞానము కావలెననుచున్నాము.

సగటులను నమ్మియు మోసపోరాదు. ఒకడు 45 కిలోలు, వాని ప్రక్కవాడు 85 కిలోలు తూగిన, సగటు 65. కాగితముమీద ఇరువురును చక్కగా నున్నట్లే! మన రాష్ట్రపు స్థితియు నిట్టిదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు, ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 36 మంది అధికభారము గలవారు. నూటికి సుమారు 59 మంది రక్తహీనులు. ధాన్యాగారమని పేరుగన్న డెల్టా గల రాష్ట్రమున నీ రెండు దురవస్థలును ఒక్క యింటనే, ఒక్కొక్కచో నొక్క దేహముననే, కాపురముండుట విచారకరము.

ఆంధ్ర లొయోలా కళాశాల వలె విశాలమైన ఆటస్థలములు గల విద్యాలయములు మన పట్టణమున లేకపోలేదు. అద్దెమేడలలో నడచు కళాశాలల మాటయే మా బెంగ. అచ్చట ఆటస్థలమనగా మోటారుసైకిళ్లు నిలుపు చోటు.

చదువు చెడునందురేమో. ఏడాదికి రెండు పూటలు చాలును. త్రాసు, టేపు, గడియారము, ఎక్కి దిగుటకొక పీట: ఇంతకు మించిన సామగ్రి యక్కరలేదు. బాలికల రక్తపరీక్షకు మాత్రము వైద్యుని సాయము కావలెను. జూన్ నెలలో నొకసారి, ఫిబ్రవరిలో మరియొకసారి కొలిచి, పేర్లు గుప్తముగ నుంచి, ఏ హద్దులలో నెందరున్నారో ప్రకటింపవలెను. జూన్‌నాటికంటె ఫిబ్రవరిలో పిల్లలు నీరసించిరేని ఆ కళాశాల తలిదండ్రులకు సమాధానము చెప్పవలెను. రాబోవు ప్రవేశములనాడు రుసుము చెల్లించుటకు ముందే తలిదండ్రులు ఈ పట్టిక నడుగుదురుగాక.