అమ్మినవాడిదే పూచీ

పాత కారు కొని నెల తిరగకముందే గేర్‌బాక్స్ మొరాయిస్తే ఆ ఖర్చు ఎవరు భరించాలి? మన దగ్గర ఇవాళ దీనికి ఒకటే జవాబు: కొన్నవాడే. ‘చూసుకునే కదా తీసుకున్నారు’ అంటారు పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీ వాళ్లు. బండి షెడ్డులో ఉన్నా ఫైనాన్స్ వాయిదా ఆగదు. ప్రమాదానికి పనికొచ్చే బీమా పాలసీ, యంత్రం దానంతట అది చెడిపోతే పనికిరాదు. కొత్త కారుకు స్తోమత చాలక పాతదానితో సరిపెట్టుకున్న కుటుంబం లక్ష దాటిన రిపేరు అంచనా చేతబట్టుకుని దిక్కులు చూస్తుంది. ఈ పద్ధతి పోవాలి. వ్యాపారంగా పాత కార్లు అమ్మేవారు ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ కనీసం మూడు నెలలు చట్టప్రకారం పూచీ పడాలి.

ఈ సమస్య ఇప్పుడే ముదరడానికి కారణముంది. 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ గేర్‌బాక్స్ వచ్చాకే క్లచ్ తొక్కే పనిలేని కారు మన మధ్యతరగతికి అందుబాటులోకొచ్చింది. ఆ వెనకే సీవీటీ, డ్యూయల్ క్లచ్ రకాలూ పెరిగాయి. ఆనాటి బళ్లు ఇప్పుడు రెండో, మూడో యజమాని చేతికి వస్తున్నాయి. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేటు అరిగితే ఊళ్లోని మెకానిక్కే మార్చిపెట్టేవాడు. సీవీటీలో స్టీలు బెల్టు, దాన్ని పట్టుకునే పుల్లీలు గీతలు పడితే చాలాసార్లు మొత్తం యూనిట్టే మార్చాలంటారు. డ్యూయల్ క్లచ్‌లో గేర్లను నడిపించే మెకట్రానిక్ యూనిట్ పోతే ఆ ఒక్క భాగానికే లక్షకు పైగా కావాలి. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలే నగర ప్రయాణం ఈ క్లచ్‌లను ఇంకా తొందరగా అరగదీస్తుంది.

పోనీ, కొనేవాడు ముందే కనిపెట్టగలడా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా నడిచే గేర్‌బాక్స్ అరగంట తిరిగి వేడెక్కాకే జెర్కులు మొదలుపెట్టవచ్చు. కంప్యూటర్లో నమోదైన ఫాల్ట్ కోడ్‌లను అమ్మకానికి ముందు స్కానర్‌తో చెరిపేయవచ్చు. మీటరు వెనక్కి తిప్పవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు కార్లూ మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, సీట్లు మార్చి, మెరుగుపెట్టి అమ్మితే, వైర్ల జాయింట్లలో చేరిన తుప్పు బయటపడటానికి నెలలు పడుతుంది. కాలనీ చుట్టూ పది నిమిషాల ట్రయల్ వేసి కారు కొనడమంటే నీళ్లలోని గేదెను బేరమాడటమే. అసలు సంగతి తెలుసుకునే వీలు అమ్మేవాడికే ఎక్కువ. కాబట్టి బాధ్యతా అతడిదే కావాలి.

చట్టాలు లేకపోలేదు. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను 2022 డిసెంబరులో సవరించారు. 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. అయితే ఆ నిబంధనల ధ్యాసంతా బండి ఎవరి చేతిలో ఉంది, ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది అన్నదాని మీదే. గేర్‌బాక్స్ ఎలా ఉందో చెప్పాలన్న షరతు వాటిలో లేదు. పాత కార్ల వ్యాపారి లాభంపై జీఎస్టీని 18 శాతం చేయాలని 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించింది. లాభంలో వాటా తీసుకునే ప్రభుత్వం కొనుగోలుదారుకు రక్షణ కల్పించే బాధ్యతను తప్పించుకోజాలదు.

బయటి దేశాలు ఈ చిక్కుముడి ఎప్పుడో విప్పాయి. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం డీలరు అమ్మే పాత కారుకూ వర్తిస్తుంది. లోపమున్న బండిని 30 రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చు. ఆరు నెలల్లోపు బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క. లేదని రుజువు చేయాల్సింది డీలరే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, లక్ష మైళ్ల లోపు తిరిగిన పాత కార్లకు మైళ్లను బట్టి 30 నుంచి 90 రోజుల వారంటీని డీలర్లకు తప్పనిసరి చేసింది. వారంటీ వర్తించే భాగాల్లో ట్రాన్స్‌మిషన్ ఉంది. అక్కడ పాత కార్ల వ్యాపారమేమీ మూతపడలేదు.

పాత యంత్రం అరగదా, దానికి మేమెలా పూచీ పడతామని వ్యాపారులు అడుగుతారు. అరుగుదలను ఎవరూ తప్పుపట్టడం లేదు. తప్పల్లా దాన్ని దాచి అమ్మడం. గేర్‌బాక్స్‌లో ఫలానా లోపముందని రాసిచ్చి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మితే ఆ లోపానికి పూచీ అక్కర్లేదు. ధరలు పెరుగుతాయన్నది రెండో అభ్యంతరం. కొంత పెరిగితే పెరగనీ. ముందే తెలిసిన నాలుగు వేలు, తర్వాత నెత్తిన పడే లక్షన్నర కంటే నయం.

కేంద్రం చేయాల్సింది స్పష్టం. డీలరు అధికార పత్రానికి మూడు షరతులు జోడించాలి: స్కానర్ నివేదికతో కూడిన తనిఖీ పత్రం, వరదలో మునిగిందా, పెద్ద ప్రమాదానికి గురైందా అన్న రాతపూర్వక హామీ, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మూడు నెలలు లేదా 5 వేల కిలోమీటర్ల పూచీ. అధికార పత్రం లేకుండా నడిచే కన్సల్టెన్సీల మీద తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఇప్పుడే చర్య తీసుకోవచ్చు. దానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

అంతవరకు కొనుగోలుదారులు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని మొండికేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాయకపోతే వాపసుకు 30 రోజుల వ్యవధి చట్టమే ఇస్తోంది. మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. కారు ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. సలహాకు 1915 నంబరుంది. అయితే చేతిలో కాగితం లేనిదే ఏ కమిషన్ ముందూ కేసు నిలవదు. అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందే స్కానర్ నివేదిక, సర్వీసు చరిత్ర, జీఎస్టీ బిల్లు అడగండి. వాటిని ఇవ్వనన్నవాడి దగ్గర కారు కొనకండి.