లోకల్ అంటే బోర్డు కాదు

ప్రాగ్ ఓల్డ్ టౌన్‌లో ‘లోకల్’ షాపింగ్ చేశామని యాత్రాకథనాల్లో చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఏం కొన్నారు స్వామీ? మాత్ర్యోష్కా బొమ్మలా? అవి రష్యావి. ‘పాత బొహీమియా’ బోర్డు కింద నిప్పుల మీద తిప్పి కాల్చే ట్రడెల్నిక్ తిన్నారా? ఆ తీపి రొట్టెకి యూరోపియన్ యూనియన్ 2007లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది స్లొవాకియాలోని స్కలిత్సా పేరు మీద.

అమ్మేవాణ్ణి ఏమీ అనను. అక్కడ అద్దె కట్టాలంటే టూరిస్టు అడిగిందే అమ్మాలి. నా గొడవంతా రాసేవాళ్లతోనే. కొన్నదాన్ని ‘చెక్ సంస్కృతి’ అని రాసేస్తారు. అది చదివి ఇంకో పదిమంది అదే కొట్టుకి వెళ్తారు.

లోకల్ కావాలా? శనివారం పొద్దున వ్లతవా ఒడ్డున నాప్లవ్కా రైతుబజారుకి వెళ్లండి. ఊళ్లోవాళ్లు సంచులు పట్టుకుని వచ్చే చోటు అది. లేదా స్టేషనరీ కొట్లో కోహినూర్ పెన్సిల్ కొనండి. పేరేమో మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రానిది. కంపెనీ మాత్రం 1848 నుంచీ దక్షిణ బొహీమియాలోని చెస్కే బుడెయోవిత్సెలో ఉంది. పేరు పరాయిది, సరుకు అక్కడిది. ట్రడెల్నిక్‌ది సరిగ్గా దీనికి తిరగేసిన కథ.

కొనేముందు ‘ఇది ఎక్కడ చేశారు?’ అని ఒక్క ముక్క అడగండి. రాసేముందైతే తప్పకుండా అడగండి.