మన సరిహద్దు, వాళ్ళ యుద్ధం

ఉక్రెయిన్ మీద మన మౌనానికి "అలీన విధానం", "శాంతి కాముకత" అని పెద్ద పెద్ద పేర్లు పెడుతుంటే నాకు నవ్వొస్తుంది. అసలు కారణం కాశ్మీర్లో ఉంది, లడఖ్ లో ఉంది.

1956లో సోవియట్ ట్యాంకులు హంగరీని తొక్కేశాయి. ఐరాస పర్యవేక్షణలో అక్కడ ఎన్నికలు జరపాలన్న తీర్మానానికి మన కృష్ణమీనన్ గారు వ్యతిరేకంగా ఓటేశారు. ఎందుకూ? రేపు అదే మాట కాశ్మీర్ కి అంటగడతారని భయం. 1957లో, మళ్ళీ 1962లో కాశ్మీర్ తీర్మానాలను సోవియట్ వీటో ఆపింది. లెక్క సరిపోయింది! 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొసావోని మనం ఇంతవరకూ గుర్తించలేదు, కాటలోనియా గొడవున్న స్పెయినూ గుర్తించలేదు. మరి బంగ్లాదేశ్ ని? 1971 డిసెంబర్ 6నే, యుద్ధం ముగియకముందే గుర్తించేశాం.

2022 మార్చి 2న సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యా దాడిని తప్పుపడితే మనం ఓటింగుకి దూరంగా ఉన్నాం. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మందిని గల్వాన్లో పోగొట్టుకుని అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. చైనాకి ఎదురుగా నిలబడ్డ మన సైన్యం చేతిలో ఉన్నవేమో ఎక్కువగా రష్యా ఆయుధాలు. ఇబ్బందే, కాదనను. దాన్ని ఇబ్బంది అనే చెప్పండి సార్, ధర్మం అనకండి.

ఎందుకంటే చైనా మీద మన వాదనంతా ఒక్క మాట మీద నిలబడింది: బలప్రయోగంతో సరిహద్దులు మార్చకూడదు. పక్కవాడి నేల గురించి ఆ మాట అనలేనివాళ్ళకి, రేపు మన నేల గురించి ఎవరు అంటారు? 1962లో మనవాళ్ళనుకున్న అలీన దేశాల్లో చాలా వరకు చైనాని ఖండించలేదు. ఆ మౌనం మనకెలా అనిపించిందో ఒక్కసారి గుర్తుచేసుకుంటే చాలు.