అక్కర్లేని సీసా

ముందు ఆ సీసా లేబుల్ మీద ఏముందో చెప్తాను. లోపల ఏముందో తర్వాత.

కోల్డ్రిఫ్ సిరప్‌లో ఉండాల్సినవి మూడు మందులు. పారాసెటమాల్ జ్వరానికి, దానితో పేచీ లేదు. క్లోర్‌ఫెనిరమిన్ పాతకాలపు అలర్జీ మందు. పసివాడి దగ్గును అది ఆపదు, వాణ్ని మత్తులోకి తోస్తుంది. వాడు మత్తుగా పడుకుంటే ఇల్లు నిమ్మళిస్తుంది, మందు భలే పనిచేసిందని మనం మురిసిపోతాం. మూడోది ఫినైల్‌ఎఫ్రిన్, ముక్కు దిబ్బడకట. మింగిన ఫినైల్‌ఎఫ్రిన్ పెద్దవాళ్ల ముక్కునే వదిలించలేదని 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘంలోని 16 మందీ ఏకగ్రీవంగా తేల్చారు. అదే ఏడాది డిసెంబరులో మన డ్రగ్స్ కంట్రోలర్ జనరల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద వేయమని ఆదేశించారు.

అంటే ఒకటి జ్వరం మందు, ఒకటి మత్తు, ఒకటి ఉత్తదండగ. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా, పరాసియా పట్టణం చుట్టుపక్కల 2025 సెప్టెంబరులో పసిపిల్లల నోట్లో పోసింది ఈ మిశ్రమాన్నే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లు. కల్తీ కథ మొదలవకముందే, ఒక్క చుక్క విషం కలవకముందే, ఆ సీసా చాలామంది పిల్లలకు అక్కర్లేని సీసా. నా కోపం ఇక్కడ మొదలవుతుంది. టీవీలో అందరి కోపమూ మొదలయ్యే చోటు వేరు, అది ల్యాబ్ రిపోర్టు దగ్గర.

ఇప్పుడు ఆ రిపోర్టు సంగతి. తమిళనాడు ల్యాబ్‌లో తేలింది 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్. ఉండదగ్గ గరిష్ఠ పరిమితి 0.1 శాతం. సీసాలో ఇంచుమించు సగం విషమే. పారాసెటమాల్ నీళ్లలో సరిగా కరగదు, అందుకని సిరప్‌లలో ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి ద్రావకం వాడతారు. డైఇథిలీన్ గ్లైకాల్ దానికి జ్ఞాతి లాంటిది. రంగుండదు, వాసనుండదు, తియ్యగా ఉంటుంది, చవగ్గా దొరుకుతుంది. బ్రేక్ ఆయిల్‌లో, పరిశ్రమల్లో దాని పని దానికుంది. కడుపులోకి పోతే అది డైగ్లైకోలిక్ ఆమ్లంగా మారి కిడ్నీల్లోని సన్నటి నాళాలను చంపేస్తుంది. పిల్లాడికి ఒంటేలు ఆగిపోతుంది. జలుబు తగ్గుతోంది కదా అనుకున్న తల్లికి, పొద్దున్నుంచీ లంగోటీ తడవలేదని సాయంత్రానికి తడుతుంది. అక్కణ్నుంచి నాగపూర్ ఆసుపత్రులు, డయాలసిస్, అప్పులు. ఇరవై మందికి పైగా పిల్లలు తిరిగి ఇంటికి రాలేదు.

ఆ సీసా తయారైంది కాంచీపురం జిల్లాలోని స్రెసన్ ఫార్మాలో. పిల్లలు పోయాక లోపలికి వెళ్లి చూసిన ఇన్‌స్పెక్టర్లకు అక్కడ 350కి పైగా లోపాలు కనిపించాయి. మూడువందల యాభై! ఒక ఫ్యాక్టరీలో ఇన్ని లోపాలు ఒక్క రాత్రిలో పుట్టవు. అవి ఏళ్ల తరబడి పెరిగాయి, లైసెన్సు పక్కనే పెరిగాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనవాళ్లు ఊరికే అనలేదు. అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య శాఖ, తాము పరీక్షించిన నమూనాల్లో ఈ విషం లేదని ప్రకటన ఇచ్చింది. దసరా సెలవుల్లో కూడా కూర్చుని పనిచేసిన తమిళనాడు సిబ్బంది దాదాపు అదే సమయానికి సీసాలో సగం విషముందని తేల్చారు. ఆ ఉద్యోగులు పండగ చేసుకుని సోమవారం చూద్దాంలే అనుకుని ఉంటే ఇంకెన్ని ఇళ్లలో చెంచాలు నిండేవో!

పోనీ, ఇది ఎవరూ ఊహించని ఘోరమా? 1937లో అమెరికాలో ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే తియ్యటి మందు వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ద్రావకం ఇదే డైఇథిలీన్ గ్లైకాల్. మరుసటి ఏడే వాళ్లు కొత్త చట్టం తెచ్చుకున్నారు. మనకు 1972లో మద్రాసు. 1986లో బొంబాయి జేజే ఆసుపత్రి, దాని మీద జస్టిస్ లెంటిన్ కమిషన్. 1998లో ఢిల్లీ, గుర్గావ్ పిల్లలు. 2019 చివర్లో, 2020 మొదట్లో జమ్మూలోని రామ్‌నగర్ పిల్లలు. 2022లో మన సోనిపట్ నుంచి గాంబియాకు వెళ్లిన సిరప్‌లు, మన నోయిడా నుంచి ఉజ్బెకిస్తాన్‌కు వెళ్లిన సిరప్. ఆ రెండు దేశాల్లోనూ పదుల కొద్దీ చిన్న సమాధులు. ఉజ్బెక్ కోర్టు 2024 ఫిబ్రవరిలో 23 మందికి శిక్షలు వేసింది. గాంబియా విషయంలో మన వాళ్లు మాత్రం, మా నమూనాలు బాగానే ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు జవాబు రాశారు. దినేష్ ఠాకూర్, ప్రశాంత్ రెడ్డి కలిసి రాసిన ‘ది ట్రూత్ పిల్’ 2022లో వచ్చింది. ఈ విషాల చరిత్ర అందులో ఉంది. చదవాల్సిన కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చదివి ఉంటే ఛింద్వాడా ఆ జాబితాలో చేరేది కాదు.

ఒక సంగతి నాకు ఎంతకీ మింగుడుపడదు. గాంబియా గొడవ తర్వాత, 2023 జూన్ 1 నుంచి, దేశం దాటే ప్రతి దగ్గు సిరప్‌కూ ప్రభుత్వం గుర్తించిన ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేశారు. సర్టిఫికెట్ లేకపోతే ఓడ ఎక్కదు. మంచిదే. మరి లారీ ఎక్కి కాంచీపురం నుంచి ఛింద్వాడాకు వెళ్లిన సీసాకు? దానికి కంపెనీవాడి మాటే సర్టిఫికెట్. బయటి దేశం పిల్లవాడు చనిపోతే పరువు పోతుంది, మన పిల్లవాడు చనిపోతే విచారణ కమిటీ వేస్తే సరిపోతుంది. ఇంతకు మించి దీనికి ఇంకో అర్థం ఉంటే ఎవరైనా చెప్పండి, వింటాను. ఇంకో విడ్డూరం: మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ కె ప్రకారం, వెయ్యి మంది లోపు జనాభా ఉన్న పల్లెల్లో కొన్ని ఇంటి మందుల్ని లైసెన్సు లేకుండానే అమ్ముకోవచ్చు. ఆ ఇంటి మందుల్లో దగ్గు సిరప్ ఉండేది. ఈ పిల్లలు పోయేనాటికీ ఉంది. సబ్బులూ అగ్గిపెట్టెలూ అమ్మే కొట్టులోనే.

సరే, ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. ఇప్పుడు మన వీధికి వద్దాం.

మొన్న సాయంత్రం మా వీధి చివర మెడికల్ షాపులో నిలబడ్డాను. నా ముందు ఒకమ్మాయి, చంకలో బిడ్డ. బిడ్డ ముక్కు కారుతోంది, కళ్లు చురుగ్గానే ఉన్నాయి, నా కళ్లజోడు మీద చెయ్యేస్తోంది.

“అన్నా, పాపకు రెండు రోజుల్నుంచి జలుబు, దగ్గు.”

“ఎన్నేళ్లమ్మా?”

“ఏడాదిన్నర.”

అతను వెనక్కి కూడా తిరగలేదు. చెయ్యి దానంతటదే పోయి అరలోంచి ఒక గులాబీరంగు సీసా తీసింది. “రెండున్నర ఎంఎల్, మూడు పూటలా. తగ్గకపోతే ఇంకోటుంది, అది స్ట్రాంగు.” ఎనభై అయిదు రూపాయలు. ఫోన్‌పే మోగింది. మొత్తం ఒక నిమిషం పట్టి ఉంటుంది. జ్వరముందా అని అడగలేదు, పాలు తాగుతోందా అని అడగలేదు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు, ఐదేళ్లలోపు వాళ్లకూ సాధారణంగా వద్దు అని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకు రాసిన ఉత్తరం ఆ గాజు కౌంటర్ దాకా రాలేదు. వచ్చినా ఆ చెయ్యి ఆగేదని నాకు నమ్మకం లేదు.

అతను చెడ్డవాడు కాదు. ఆ అమ్మాయి తెలివితక్కువదీ కాదు. అడిగినవాళ్లకు ఇచ్చాడు, ఇచ్చింది తీసుకుంది. అతనికి ఆ అలవాటు నేర్పింది పెద్ద చదువుల డాక్టర్లే. మా అమ్మాయికి పద్నాలుగు నెలలప్పుడు జలుబు చేస్తే ఒక పేరున్న పిల్లల క్లినిక్‌కు తీసుకెళ్లాం. మూడు సీసాలు రాశారు. రెండిటిలో పారాసెటమాల్ ఉందని ఇంటికొచ్చి లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తెలీలేదు. ఒకే మందు రెండు సీసాల్లోంచి, రెండు మూతల కొలతతో! ఆ రోజు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే ఒక సీసా పక్కన పెట్టి, మిగతా రెండూ పోయడం. ఖాళీ చేతుల్తో వచ్చుంటే మా అత్తగారు డాక్టరును మార్చమనేవారు. ఆ భయం డాక్టరుకూ ఉంటుంది. ఏమీ రాయకపోతే ఫీజు దేనికిచ్చాం అనే మొహాలు ఆయన రోజూ చూస్తాడు. కాబట్టి రాస్తాడు. ఆ రాతకు బలయ్యే వ్యక్తి పది కేజీలుంటాడు, మాటలు రావు.

జలుబుకు మందు వేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు అని నవ్వుకుంటూ చెప్పుకునే జాతి మనది. పెద్దల విషయంలో జోకుగా ఒప్పుకున్న నిజాన్ని పిల్లల విషయంలో ఎందుకు మర్చిపోయాం? చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరు, ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. చేసేది వైరస్. దగ్గు రెండు వారాలు లాగొచ్చు. ఆ దగ్గు కఫాన్ని బయటకు తోస్తోంది, ఆపితే ఎటు పోతుందది? ఈ మందుల పిల్లల డోసులు కూడా చాలావరకు పెద్దవాళ్ల డోసును భాగించి వేసిన లెక్కలే. అమెరికాలో ఈ దగ్గు, జలుబు మందుల వల్ల పన్నెండేళ్లలోపు పిల్లలు ఏటా దాదాపు 7,000 సార్లు అత్యవసర విభాగాలకు వచ్చారని లెక్క తేలింది. అవి కల్తీ మందులు కావు. 2007లో కంపెనీలు పసిపిల్లల సిరప్‌లను అంగళ్ల నుంచి వెనక్కి తీసుకున్నాక, రెండేళ్లలోపు పిల్లల్లో ఆ సంఖ్య సగానికి పైగా పడిపోయింది. మందు తీసేస్తే, ఆ మందుల వల్ల ఆసుపత్రికి రావడాలు తగ్గాయి.

“మీకేం, ఏసీ గదిలో కూర్చుని రాస్తారు, పల్లెలో పేదవాడికి డాక్టరు ఎక్కడ దొరుకుతాడు, ఆ సిరప్పే దిక్కు” అని ఒక మిత్రుడు దెబ్బలాడాడు. పేదవాడి పేరు చెప్పి పేదవాడికి పనికిరాని సరుకు అంటగట్టడం కన్నా అన్యాయం ఏముంది? ఆ ఎనభై అయిదు రూపాయలు అతనికి పూట కూలిలో చిన్న ముక్క కాదు. పేదవాడికి కావాల్సింది ఏది జలుబో, ఏది నిమోనియానో చెప్పగలిగే మనిషి. ఆశా కార్యకర్తకు ఆ విద్య తెలుసు: చొక్కా ఎత్తి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు దాటి ఏడాది లోపు అయితే 50, ఏడాది దాటితే 40, అంతకు చేరినా, మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, ఆసుపత్రికి పరుగెత్తాలి. అప్పుడు ఏ దగ్గు సిరప్పూ పనికిరాదు. ఇవేవీ లేకపోతే ముక్కులో ఉప్పునీటి చుక్కలు, గోరువెచ్చటి నీళ్లు, తల్లిపాలు. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి పడుకునే ముందు అర చెంచా తేనె, ఏడాది లోపు వాళ్లకు తేనె కూడా నాలిక్కి తగలకూడదు. ఇంత చిన్న సంగతి చెప్పే పోస్టరు నేను ఏ మెడికల్ షాపు గోడ మీదా చూడలేదు. సిరప్ కంపెనీ క్యాలెండర్లు మాత్రం ప్రతి గోడ మీదా ఉన్నాయి, నవ్వే పిల్లల బొమ్మలతో.

కోల్డ్రిఫ్ సీసాలు దొరికితే వాడకుండా ఆపి తెలియజేయమని తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు కూడా అక్టోబరులో హెచ్చరిక ఇచ్చారు. ఎస్ఆర్-13 అని బ్యాచ్ నంబరు కూడా వేశారు. ఛింద్వాడాలోనైతే మిగిలిన సీసాల కోసం ఇంటింటికీ తిరిగారు. 

ఇంతకీ ఆ రోజు మా వీధి చివర, ఆ అమ్మాయి సీసాను పాప మేజోళ్లతో పాటు సంచిలో వేసుకుని మెట్లు దిగింది. అతను బిల్లు ఇవ్వలేదు, ఆమె అడగలేదు. నేను వెనక నుంచి “అమ్మా, ఒక్కసారి ఆగండి” అన్నాను. ఆమె తిరిగేలోపే ఆటో కదిలింది.