సఫాయి వేరు, దోఖా వేరు

అబ్బా కట్టిన మకాన్ అమ్మకానికి పెట్టాం. "ఫొటో చూసే ఖరీదుదారు వస్తాడు భాయ్" అన్నాడు దలాల్. సచ్ బాతే. వాకిలి కడిగి, చెప్పులూ పాత సామాన్లూ తీసేసి, గేటుకి రంగేశాం. పొద్దున్నే కిటికీలన్నీ తెరిచి, ఫోన్ అడ్డంగా పట్టి మూల నుంచి తీస్తే దాలాన్ ఎంత ఖుల్లాగా కనిపించిందో! అమ్మీ తస్వీర్ మాత్రం ముందే లోపల పెట్టాం. ఇంటి ఆడవాళ్ల బొమ్మలు ఊరందరి ఫోన్లలో తిరగాలా?

తర్వాత ఇంకో రెండు మాటలన్నాడు. వెనక గోడ చెమ్మ మీద పెయింట్ కొట్టేయమని, దర్వాజా మీది 786 తీసేస్తే "అందరూ" వస్తారని.

నా ఖయాల్‌లో చెమ్మ ఐబు. చెప్పకుండా అమ్మితే ఆ పైసా హలాల్ ఎలా అవుతుంది? దాన్నీ ఫొటో తీసి పెట్టాం, ధర తగ్గితే తగ్గనీ. 786 ఐబు కాదుగా, దాన్నెందుకు దాచాలి? ఇప్పటికి ముగ్గురొచ్చి చూశారు. ఒకాయన చెమ్మ గురించే అడిగాడు.